పాత ఊరి చప్పుడు

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేను చేసిన పని ఒక్కటే, అందరి నోళ్లూ మూయించడం. అధికారులను, పంతుళ్లను, పెళ్లివారిని, ఒకసారి ఒక గేదెను కూడా ఒక్క నిమిషం కదలకుండా నిలబెట్టాను. నేను సౌండ్ రికార్డిస్టుని. పాటల సినిమాలకు కాదు, డాక్యుమెంటరీలకు.

ఫోనుతో పొద్దున సినిమా తీసి సాయంత్రానికల్లా లోకానికి చూపించేసే పిల్లలు మీరు. మొన్న ఖమ్మంలో నన్ను పిలిచి, "సార్, డాక్యుమెంటరీ వల్ల సమాజానికి ఏం ఒరుగుతుంది?" అని అడిగారు. నాకు ఉపన్యాసాలు చేతకావు. ఏదో గొణిగి స్టేజీ దిగిపోయాను. ఇంటికి వచ్చాక మనసొప్పలేదు, అందుకే ఇది రాస్తున్నాను. ఇందులో నా ఘనకార్యం ఏమీ లేదు. రెండు తప్పులున్నాయి, రెండూ నావే. రెండింటినీ పట్టుకున్నది ఒక్క మనిషే. ఆమెకు కళ్లు కనపడవు.

మా నాన్నకు ఖమ్మంలో రేడియో రిపేరు దుకాణం ఉండేది. డబ్బా విప్పకముందే చెవి ఆనించి జబ్బేమిటో చెప్పేవాడు. ఆ చెవి నాకు కొంచెమే వచ్చింది, ఆయన పొగరు మాత్రం పూర్తిగా వచ్చింది. షూటింగులో ఎవరి గాజులు గలగలమన్నా, ఎవరి చెప్పులు కిర్రుమన్నా నా ముఖం మాడిపోయేది. "తీసేయండమ్మా, బయట విడవండి బాబూ" అని వెంటపడేవాణ్ని. కెమెరా వాళ్లకు ఒక చెట్టు అడ్డొస్తే పక్కకు జరుగుతారు. చప్పుడు అడ్డొస్తే నేనెక్కడికి జరగను?

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఒక చోట షూటింగు ముగిశాక అక్కడి ఉత్త చప్పుడు ఒక నిమిషం రికార్డు చేసుకోవాలి. మనుషులు మాట్లాడకుండా, కదలకుండా ఉంటే ఆ చోటుకంటూ ఒక సొంత చప్పుడు మిగులుతుంది. ఫ్యాను, గాలి, ఎక్కడో కుక్క. ఎడిటింగులో మాటకూ మాటకూ మధ్య కోత పడిన చోట ఆ చప్పుడు పరిచి అతుకు కనపడకుండా చేస్తాం. అన్నం వేళకు ప్యాకప్ చెప్పాక ఈ నిమిషం కోసం నిలబడాలంటే అందరికీ ఒళ్లుమంట. మా కెమెరామన్ అయితే, "ఆగండి, భాయ్ సంతాపం పెడుతున్నాడు" అని నవ్వించేవాడు. అట్లా పట్టిన నిమిషాలు నా దగ్గర వందలకొద్దీ ఉన్నాయి. వాటిని ఎవరూ విననే వినరు. వినపడకుండా ఉండడమే వాటి పని.

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు సంగతి. ఏన్కూరు మీదుగా వెళ్లి, టేకులపల్లి దాటాక తారురోడ్డు వదిలి, వాగును రెండుసార్లు దాటితే ఒక కోయగూడెం వస్తుంది. అడవి అంచున సేద్యం చేసుకునే వాళ్ల మీద సినిమా తీయడానికి వెళ్లాం. డైరెక్టరు ఒక చిన్నమ్మాయి, నన్ను అంకుల్ అనేది. కెమెరామన్, నేను, జీపు. పుష్యమాసం చలి, పొద్దున్నే మైకు పట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోయేవి.

గూడెం మీద అప్పటికే ఒక మాట పడి ఉంది. వీళ్లు నిన్నగాక మొన్న వచ్చి అడవి నరుక్కున్నారని ఎవరో ఎప్పుడో కాగితాల్లోకి ఎక్కించారు. కాదు, మా తాతల ఊరు ఇక్కడే పైన ఉండేదని గూడెం వాళ్లు అంటారు. ఉంటే చూపించండి, పాత సమాధి రాళ్లో, బావో, ఏదైనా సాక్ష్యమే అన్నారు అధికారులు. మేము వెళ్లిన పన్నెండో రోజున సర్వేకు వస్తారు. ఆ రోజు పాత ఊరు చూపించలేకపోతే, దున్నుకుంటున్న నేల వాళ్లది కాకుండా పోతుంది.

పాత ఊరు ఎక్కడుందో తెలిసిన మనిషి గూడెం మొత్తానికి ఒక్కతే మిగిలింది, ఎనభై దాటిన ఒక అవ్వ. ఆమె చిన్నపిల్లగా ఉండగా అమ్మోరు సోకి ఆ ఊరు సగం ఖాళీ అయితే, మిగిలినవాళ్లు దిగివచ్చి ఇక్కడ ఇళ్లు వేసుకున్నారు. ఆ తావుకు తిరిగి పోకూడదని అనుకున్నారు, పోలేదు. ఈ అవ్వ మాత్రం వినలేదు. వాళ్ల అమ్మ రాయి అక్కడుంది. చనిపోయిన వాళ్లకు ఒక రాయి నిలబెట్టడం వాళ్ల ఆచారం. ఏటా కొత్త పంట రాగానే గుప్పెడు గింజలు చెంగున కట్టుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్లి ఆ రాయి ముందు పెట్టి వచ్చాకే కొత్తన్నం తినేది. తరవాత చూపు పోయింది. ఆపైన రెండేళ్ల కిందట తుంటి విరిగింది. అప్పటినుంచి ఆమె మంచం దిగలేదు, కొత్తన్నమూ ముట్టలేదు. ఆమె కోసం వేరే కుండలో పాత బియ్యం వండేవాళ్లు.

ఈ కథ మాకు చెప్పింది ఆమె మనవరాలు. పాతికేళ్లు నిండని పిల్ల, అటవీ హక్కుల కమిటీలో మెంబరు. ఆమె చేతిలో ఎప్పుడూ ఒక ప్లాస్టిక్ కవరు ఉండేది, అందులో గూడెం అందరి కాగితాలు. అవ్వ చెప్పిన ఆనవాళ్లు పట్టుకుని మగవాళ్లు మూడుసార్లు వెతికి ఉత్త చేతులతో వచ్చారని చెప్పింది.

మూడో రోజున ఒకాయన పరుగున వచ్చాడు. రోడ్డుకు దగ్గరలో పాచి పట్టిన నిలువు రాళ్లు నాలుగు కనపడ్డాయని. అందరం వెళ్లాం. కెమెరాకు పండగే. వెలుతురు బాగుంది, రాళ్లు బాగున్నాయి. డైరెక్టరమ్మాయి నా దగ్గరికి వచ్చి, "అంకుల్, లారీల సౌండ్ వస్తోంది. కొంచెం అడవిలా చేయరా?" అంది.

అడవిలా చేయడం నాకు ఎడమచేత్తో చేసే పని. ఆ మధ్యాహ్నమే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని లారీలు తీసేశాను. వేరే చోట పట్టిన గాలి పరిచాను. మరీ బోసిగా ఉందనిపించి, ఒక వేసవిలో పర్ణశాలలో రేవు దగ్గర పట్టిన కోయిలను తెచ్చి మూడు కూతలు కూయించాను. అద్భుతంగా కుదిరింది. నా వీపు నేనే తట్టుకున్నాను.

ఆ సాయంత్రం అవ్వ ఇంటి వాకిట్లో అందరికీ వేసి చూపించాం. పిల్లలు, పెద్దలు ల్యాప్‌టాప్ చుట్టూ మూగారు. "మస్తుగొచ్చింది" అంటున్నారు. మంచం మీద నుంచి అవ్వ అడిగింది.

"ఇది యాడిది?"

"పాత ఊరిదే అవ్వా. రాళ్ల కాడ తీసిన్రు" అంది మనవరాలు.

"కాదు."

అందరూ ఆమె వైపు తిరిగారు.

"నీళ్లేవి? ఆడ నీళ్లు మాట్లాడకుంట ఒక్క గడియ ఉండవు. మీరు యాడికో పోయిన్రు." చెవి ఇటు తిప్పి, "అయినా గీ చలిల కోయిలెట్ల కూసిందే? దానికింక మామిడి పూతనే రాకపాయె" అంది.

వాకిలంతా నవ్వింది. నేను తల ఎత్తలేకపోయాను. చదువుకున్న వాళ్ల చెవుల్లో ఇన్నేళ్లూ పూలు పెడుతూ వచ్చాను. నా చప్పుడును ఒక్కరూ తప్పు పట్టలేదు, రెండు అవార్డులు కూడా ఇచ్చారు.

మర్నాడు పొద్దున కెమెరామన్ వెళ్లి ఒక రాతి మీద పాచి గీకితే కింద ఒక అంకె బయటపడింది. అవి అడవి హద్దు కోసం ఎప్పుడో పాతిన రాళ్లు. వాటినే సర్వేలో చూపించి ఉంటే ఆ ఒక్క అబద్ధం చాలు, మిగతా నిజాలన్నీ కొట్టుకుపోయేవి. మనవరాలు ఆ అంకె మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. "మీకు సినిమా సార్, మాకు భూమి" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

క్షమాపణ చెప్పుకుందామని అవ్వ దగ్గరికి వెళ్లాను. ఆమెకు నా క్షమాపణ మీద ఆసక్తి లేదు.

"ఆ కోయిల యాడిది బిడ్డా?"

"పర్ణశాలది అవ్వా. ఎండకాలంల పట్టిన."

"పట్టి దాసుకున్నవా? ఇంకేమేం దాసినవ్?"

నవ్వొచ్చింది. హెడ్‌ఫోన్లు తీసి ఆమె నెరిసిన జుట్టు మీదుగా చెవులకు పెట్టాను. చేతికి అందిన నిమిషం ఒకటి వేశాను. మూడు రోజుల కిందట వాగు దాటుతూ పట్టింది. మాట లేదు, మనిషి లేడు, ఉత్త నీళ్లు. నాకైతే అది ఏ వాగైనా కావచ్చు.

ఆమె తల కొంచెం వంచి వింది. "బడి కాడి రేవు. బండకు ఎడమ దిక్కు నిలబడ్డవ్" అంది.

నిజంగానే బండకు ఎడమ పక్కన నిలబడ్డాను. ఇంకొకటి వేశాను. "ఇది చింతలకాడ. పొద్దుగాలనే పట్టినవ్, పశులింక ఇడువలే." ఇంకొకటి. "ఇది మా దిక్కుది కాదు." అది ఏన్కూరు దగ్గర టీ తాగుతూ పట్టింది. నా దగ్గర ఎవరూ వినని నిమిషాలు వందలున్నాయన్నాను కదా, వాటిని చదవగలిగిన మనిషిని నేను మొదటిసారి చూస్తున్నాను. మా నాన్న గుర్తొచ్చాడు. ఆయన కూడా ఆమె ముందు కూర్చుని శిష్యరికం చేసేవాడు.

"గిదెట్ల అవ్వా?" అని అడిగాను.

"కండ్లు పోయినంక గూడ మూడేండ్లు పోయిన మా అమ్మ కాడికి. సప్పుడు పట్టుకొనే పోయిన. తొవ్వ చూసేటోళ్లకు తొవ్వ మూస్కపోతది గానీ, సప్పుడు యాడికి పోతది?" తరవాత తనే అంది. "నేను రాలేను. నా చెవులు నువ్వు మోస్కపో."

అట్లా మొదలైంది. ఏడు రోజులు మిగిలాయి. పొద్దున్నే నేను, మనవరాలు, గూడెం మగవాళ్లిద్దరు వాగు వెంబడి పైకి వెళ్లేవాళ్లం. కాస్త కాస్త దూరానికి ఆగి ఒక్కో నిమిషం పట్టేవాళ్లం. పొద్దు వాలే వేళకు దిగివచ్చి అవ్వకు వినిపించేవాళ్లం. "ఇది వాగు కాదు, పిల్లకాలువ." "ఇది దాటిపోయిన్రు." "ఈడ టేకాకు రాలుతుంది, మా తొవ్వల టేకు లేదు." డైరెక్టరమ్మాయి మిగతా షూటింగంతా మానేసి ఆమె ముఖాన్నే తీస్తూ కూర్చుంది. అంతకంటే తీయవలసింది ఏమీ లేదని ఆ పిల్లకూ అర్థమైంది.

రెండో రోజు అవ్వ విసుక్కుంది. "నువ్వు పొడుగు మనిషివి. నాకు గాలి తెచ్చిపెడుతున్నవ్. నా చెవంత ఎత్తుల పట్టరాదు?" నేను మైకును గడకర్రకు కట్టి తలమీదుగా పట్టుకునేవాణ్ని, మా పనిలో అదే అలవాటు. మనవరాలు తన భుజం దగ్గర చెయ్యి పెట్టి, నడిచే రోజుల్లో అవ్వ చెవి ఇంత ఎత్తున ఉండేదని చూపించింది. ఆ ఎత్తుకు ఒక కర్ర కోసి, దాని చివర మైకు కట్టాను. ఆ సాయంత్రం హెడ్‌ఫోన్లు పెట్టుకోగానే ఆమె ముఖం విప్పారింది. "ఆఁ. గిప్పుడు నేను నడుస్తున్న" అంది.

మూడో రోజు సాయంత్రం, అయిదో నిమిషం వింటుండగా ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"మళ్ల ఎయ్."

మళ్లీ వేశాను. ఆమె పెదవులు కదులుతున్నాయి. మనవరాలితో గబగబా కోయలో ఏదో అంది. తరవాత నాకోసం తెలుగులో చెప్పింది.

"ఆడ నీళ్లకు రెండు గొంతులుంటయ్. ఒకటి లావు, ఒకటి సన్న. మీరు లావు గొంతు తెచ్చిన్రు, సన్నది ఇంక రాలే. పైకి పోండ్రి. రెండూ ఇనబడ్డ కాడ వాగు ఇడిచి కుడిచెయ్యి దిక్కు ఎక్కుండ్రి. సన్న గొంతు ఆగిపొయ్యి లావు గొంతొక్కటే ఇనబడ్డ కాడ నిలబడి, కాళ్ల కింద చూడుండ్రి."

నాలుగో రోజు నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని ముందు నడిచాను. నా వెనక మనవరాలు, ఆమె వెనక మగవాళ్లిద్దరు. వాగు ఒక బండ దగ్గర రెండుగా చీలింది. పెద్ద పాయ లోతు మడుగులోకి దిగుతోంది, చిన్న పాయ అంచు మీదుగా జారుతోంది. లావు గొంతు, సన్న గొంతు. కుడికి తిరిగి ఎక్కాం. ముళ్ల పొదలు. కొడవలితో కొట్టుకుంటూ వెళ్తుంటే ఒక రాతిమిట్ట అడ్డొచ్చింది. దాని చుట్టూ తిరిగి రెండడుగులు వేశానో లేదో, నా చెవిలో సన్న గొంతు ఎవరో తలుపు వేసినట్టు ఆగిపోయింది. మిట్ట దాన్ని అడ్డుకుంది. లావు గొంతు మాత్రం పొదల మీదుగా వస్తూనే ఉంది.

నేను చెయ్యి ఎత్తాను. అందరూ ఆగారు. కాళ్ల కింద చూశాను.

నేను నిలబడింది ఒక పెద్ద బండ మీద. అందులో వరసగా నునుపైన గుంటలు, ఒక్కోటి కుంచమంత. వడ్లు దంచి దంచి అరిగిన రోలు గుంటలు. ఎంతమంది ఆడవాళ్లు, ఎన్ని పొద్దులు దంచితే ఒక బండ అట్లా అరుగుతుందో నాకు ఊహకు అందలేదు. మగవాళ్లలో ఒకాయన పొద నరికాడు. దాని వెనక మోకాలెత్తు రాళ్లు, ఏడు. కొన్ని ఒరిగి ఉన్నాయి. ఒకదానికి కొంచెం పక్కగా మసిబారిన చిన్న కుండపెంకు, అందులో ఎప్పటివో నల్లబడిన వరిపొట్టు. ఏ రాతి మీదా అంకె లేదు.

మనవరాలు నేల మీద కూలబడి, ప్లాస్టిక్ కవరును గుండెకు అదుముకుని ఏడ్చింది. అడవిలో మమ్మల్ని అంత దూరం తీసుకొచ్చింది మంచం మీద ఉన్న గుడ్డి ముసలమ్మ. నేను ఎన్నో చోట్ల తిరిగాను, పెద్ద పెద్ద వాళ్ల ముందు మైకు పట్టాను. ఆ రోజు నిలబడ్డంత చిన్నగా ఎక్కడా నిలబడలేదు.

కాసేపయ్యాక ఉద్యోగం గుర్తొచ్చింది. "ఒక్క నిమిషం, ఎవరూ కదలకండి" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

సర్వే సంగతి ముందే చెప్పేస్తాను. అధికారులు వచ్చారు, రాళ్లు చూశారు, ఒక పెద్దాయన రోలు గుంటలో చెయ్యి పెట్టి కాసేపు ఉంచాడు, రాసుకున్నారు. పట్టాలు రావడానికి ఇంకో రెండు వానాకాలాలు పట్టింది, అందరికీ రాలేదు కూడా. కానీ నిన్నగాక మొన్న వచ్చారన్న మాట మాత్రం కాగితాల్లోంచి పోయింది. ఇక మా సినిమా అంటారా, ఖమ్మంలో ఒక హాల్లో నలభై మంది చూశారు. అందులో పదిహేను మంది మా బంధువులు. సినిమా వల్ల ఆ గూడేనికి ఏం ఒరిగిందంటే, నిజం చెప్పాలి, సినిమా కంటే దాని కోసం మేము వినడం వల్లే ఎక్కువ ఒరిగింది. మీ ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు అంతే.

ఇప్పుడు ఆ నాలుగో రోజు సాయంత్రానికి వస్తాను. రాళ్లు దొరికాయన్న కబురు మాకంటే ముందే గూడేనికి చేరింది. వాకిలి నిండా జనం. ఎవరో డోలు కూడా తెచ్చారు. అవ్వ మాత్రం చెయ్యి చాచి, "తే" అంది. హెడ్‌ఫోన్లు పెట్టి ఆ నిమిషం వేశాను. జనమంతా ఆమె ముఖమే చూస్తున్నారు.

ఆమె ముఖంలో మొదట వెలుగు వచ్చింది. "అవ్. లావు గొంతు" అంది. తరవాత, "పిల్ల ముక్కు ఎగబీలుస్తుంది" అని మనవరాలి వైపు చెయ్యి చాచింది. ఇంతలో ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

"మా అమ్మ తావుల చెప్పులేసుకొని నిలబడ్డదెవరు?"

మనవరాలు, మగవాళ్లిద్దరు ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకున్నారు. రాళ్లు కనపడగానే వాళ్లు పొదల అవతలే చెప్పులు విడిచారట. నేను గమనించలేదు. నా కళ్లు రికార్డరు ముల్లు మీద ఉన్నాయి.

"మైకు కాడనే ఉన్నడు. తోలు చెప్పులు. బరువు కాలు మార్చిండు" అంది అవ్వ.

నేను హెడ్‌ఫోన్లు అడిగి తీసుకుని విన్నాను. ఇరవయ్యో సెకను దగ్గర, నీళ్ల వెనక, కిర్రుమని. నా బూట్లు. ఇన్నేళ్లూ ఊళ్లో అందరి చెప్పులూ విడిపించిన వాణ్ని, నా కాళ్ల కింది చప్పుడు నాకు ఒక్కసారీ వినపడలేదు.

"నేనే అవ్వా" అన్నాను.

ఆమె కోప్పడలేదు. నా మొత్తం ఉద్యోగంలో నేను అందరినీ అడిగిన మాటే నన్ను అడిగింది. "రేపు పొయ్యి చెప్పులిడిచి మళ్లొక్కసారి పట్కరా. కొత్త గింజలు పిల్లకిచ్చి పంపుత. మా అమ్మ ఒక్కతె ఉన్నట్టుండాలె. గంతదాక నాకు బువ్వ దిగది."

మర్నాడు మిట్ట కిందే బూట్లు విడిచాను. బండ మంచులా ఉంది. మనవరాలు చెంగు ముడి విప్పి, ఒరిగిన రాళ్లలో కుండపెంకు ఉన్న రాయి ముందు గుప్పెడు గింజలు పోసి పక్కకు తప్పుకుంది. నేను ఆ కురచ కర్ర నాటి, ఉత్త కాళ్లతో, ఊపిరి కూడా అరువు తెచ్చుకున్నట్టు పీలుస్తూ ఒక నిమిషం నిలబడ్డాను. అరికాళ్లకు నేల తగులుతుంటే నాకు కూడా ఆ నీళ్లు ఏదో చెబుతున్నట్టే అనిపించింది. ఏమిటో మాత్రం నాకు తెలియదు, ఆ చెవి నాకు లేదు.

దిగివచ్చి అవ్వకు పెట్టాను. ఈసారి జనం లేరు. నిమిషం అయిపోయింది. ఆమె కదలలేదు. చాలాసేపటికి ఆమే హెడ్‌ఫోన్లు రెండు చేతులతో తీసి నా ఒళ్లో పెట్టింది.

"అవ్, ఇదే" అంది. "ఇప్పుడు నువ్వు గూడ లేవు."

అవార్డులు రెండు వచ్చాయన్నాను కదా, ఈ మాట ముందు వాటిని ఎక్కడ పెట్టాలో నాకిప్పటికీ తెలియదు. ఆమె అప్పటికే పొయ్యి వైపు ముఖం తిప్పి మనవరాలిని కేకేసింది.

"పిల్లా, కొత్త బియ్యం కడుగు. ఈ అయ్యకు గూడ ఎసరెక్కియ్యి."